వలదనుటకే కొఱత

గూగుల్ యాడ్స్ ఖాతాలో ఒక్కొక్క యాడ్ గ్రూపునకు 20,000 వఱకు, మొత్తముమీఁద 50 లక్షల వఱకు కీవర్డులు మొదలగు లక్ష్యాంశములను చేర్చుకొనుటకు అనుమతి గలదు గాని, అక్కఱలేని అన్వేషణలను తొలఁగించు నెగెటివ్ కీవర్డుల కడకు వచ్చునప్పటికి ఆ యౌదార్యము సంకుచితమై, క్యాంపెయినునకు 10,000 తోడను, ఒక్కొక్కటి 5,000 మాటలు పట్టు 20 ఉమ్మడి జాబితాల తోడను సరిపెట్టుకొనుచున్నది. పరిమితిని గూర్చి వాపోవు ప్రకటనకర్తలు సాధారణముగ కీవర్డుల పరిమితినే చూతురు. నా దృష్టి నెగెటివుల పరిమితిపై నిలుచును. ఏలయన, కోరికను తెలుపుటకు నేఁడు పదసమృద్ధితో పని లేదు: ‘పట్టుచీర’ యని యొక్కమాట చెప్పినచో దాని బహువచనమును, అక్షరదోషములను, సమానార్థకములను క్లోజ్ వేరియంట్ల పేర యంత్రమే సమకూర్చుకొనును, మనము శ్రమించి పేర్చిన రూపభేదములలో పెక్కు, వెదకువారు లేక, నిష్క్రియములై పడియుండును. నిరాకరణమునకు, అక్షరదోషముల మట్టునకు తప్ప, అట్టి సాయము లేదు. ‘అద్దె’ వలదన్న వర్తకుఁడు ‘కిరాయి’యును వలదని వేఱుగ చెప్పవలసినదే. క్లిక్కునకు వెల పుచ్చుకొను సంస్థ మన ‘ఔను’ను తానే విస్తరించి, మన ‘కాదు’ను ఇంచుమించు అక్షరశః గ్రహించుటలో నాకు సాంకేతికావసరముకంటె వ్యాపారనీతియే అధికముగ గోచరించుచున్నది. కావున నిద్రాణములైన కీవర్డులను నిర్దాక్షిణ్యముగ తొలఁగించి, ఆ మిగిలిన కాలమును సెర్చ్ టర్మ్స్ నివేదికను చదువుటకు వెచ్చించి, పదబంధములకు మాఱుగ ‘ఉచితము’, ‘ఉద్యోగము’ వంటి మూలపదములనే బ్రాడ్ నెగెటివులుగ నిలుపువాఁడే పరిమితిని జయించినవాఁడు. అధికపరిమితికై అర్జీ పెట్టువాఁడు కాఁడు.