గది పెద్దదా, డెక్కు పెద్దదా?

మా సియాటిల్‌లో ఎండలు మొదలైతే చాలు, సగం ఊరు నీళ్ల మీదే ఉంటుంది. ఈ ఏడాది మా ఇంట్లోనూ పడవ ముచ్చట మొదలైంది. నాకేమో సాల్మన్ చేపలు, డంజనెస్ పీతలు పట్టాలని సరదా. మా ఆవిడకేమో వానొస్తే తలదాచుకోవడానికి గది, పిల్లాడు కునుకు తీయడానికి చోటు, ముఖ్యంగా ఓ టాయిలెట్ ఉండాలని పట్టు. పైగా తనది రాజమండ్రి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచీ పడవ అంటేనే గుండె దడ.

వాడిన పడవలు రెండు చూశాం. రెండూ 22 అడుగులవే. మొదటిది కడీ క్యాబిన్. ముందు డెక్కు కింద, వంగి దూరితే ఇద్దరు పడుకునే చోటు. వెనకంతా ఖాళీ. గాలం వేయడానికి, పీతల బుట్ట పైకి లాగడానికి భలే వీలు. కానీ నడిపేవాడు చలిగాలిని, తుంపర్లని భరించాల్సిందే. రెండోది పైలట్‌హౌస్. చుట్టూ అద్దాలతో నిలువెత్తు గది, స్టీరింగు కూడా లోపలే. చలికాలమంతా ముసురు వదలని ఈ ఊరికి సరిగ్గా నప్పుతుంది. అయితే వెనక చోటు తక్కువ. పక్కగాలి కొడితే ఆ ఎత్తు గది వల్ల ఒడ్డుకు చేర్చడం కాస్త కష్టం.

ధర కూడా తక్కువని నేను మొదటిదానికే మొగ్గాను. అడ్వాన్సు ఇవ్వబోతుంటే మా ఆవిడ, "ముందు ఓసారి నీళ్ల మీద తిప్పి చూపించమనండి" అంది.

తిప్పాం. చలిగా ఉందని పక్కల, పైన కాన్వాసు కప్పి, వెనక మాత్రం తెరిచి ఉంచారు. నెమ్మదిగా పోతుంటే పిల్లాడు లోపలి నుంచి వచ్చి "తలనొప్పి" అన్నాడు. నీళ్లు పడలేదేమో అనుకున్నా. అప్పుడే పొగ వాసన తగిలింది. ఇంజను పొగ సుడి తిరిగి లోపలికే వస్తోంది! కాన్వాసు మొత్తం తీయించి, వాణ్ణి గాలికి కూర్చోబెట్టాక తేరుకున్నాడు.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం వస్తే పడవ కుదుపుల వల్లే అనుకుంటాం. నిద్రలో ఉన్నవాళ్లకి అదీ తెలియదు.

చివరికి పైలట్‌హౌసే తీసుకున్నాం. అలాగని దానికి ఆ ప్రమాదం లేదని కాదు. గది ఉన్న ఏ పడవకైనా ఉంటుంది. అందుకే పడవల కోసం తయారైన కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాకే నీళ్లలోకి దించాం. మీరూ కొనేటట్లయితే ఒడ్డున చూసి డబ్బు కట్టకండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, నెమ్మదిగా ఓసారి, వేగంగా ఓసారి తిప్పి చూడండి.

అన్నట్టు, 19 అడుగుల లోపు పడవల్లో 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి లైఫ్ జాకెట్ తప్పనిసరని ఇక్కడి రాష్ట్ర చట్టం. మాది 22 అడుగులు కదా అన్నాను.

"మా రాజమండ్రి చట్టంలో అడుగుల లెక్కల్లేవు. మీరూ తొడుక్కోండి" అంది మా ఆవిడ.