దొరలిచ్చిన కరెంటు కాదు

కోలారు జిల్లాలో ఏ టీ అంగట్లో కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది. దొరలు లేకపోతే మనకు కరెంటు ఎక్కడిది, రైలు ఎక్కడిది, ఇంగ్లీషు ఎక్కడిది అని. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌ను మినీ ఇంగ్లండ్ అని చెప్పుకోవడం మా వైపు గొప్ప. చదువుకున్నవాళ్ళు ఇదే మాటను కాస్త మెరుగుపెట్టి, తెల్లవాళ్ళ పాలనలో దోపిడీ ఉన్నా అభివృద్ధి కూడా ఉందంటారు. ఈ మధ్య దీనికి ఇంకొకటి తోడయింది. బ్రిటన్ 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్-ఆన్-సోర్‌లోని తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. కాబట్టి స్వచ్ఛమైన కరెంటు కూడా వాళ్ళను చూసే నేర్చుకోవాలని మా టేకల్ కుర్రాళ్ళు సైతం వాదిస్తున్నారు.

ఈ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. ఇది చరిత్రలో తప్పు. ఇవాళ మన పొలాల మీద జరగబోయే బేరాల్లో మనల్ని బలహీనులను చేస్తుంది కాబట్టి ప్రమాదం కూడా.

ముందు కరెంటు సంగతే చూద్దాం. 1902 జూన్‌లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కు విద్యుత్తు వచ్చింది. కావేరి జలపాతం దగ్గర పుట్టి, 92 మైళ్ళు, అంటే దాదాపు 148 కిలోమీటర్లు తీగల మీద నడిచి వచ్చి గని యంత్రాలను తిప్పింది. అంత దూరం కరెంటు పంపడం అప్పటికి ప్రపంచంలోనే అరుదు. అయితే ఆ కేంద్రాన్ని కట్టింది లండన్ కాదు, మైసూరు సంస్థానం. డబ్బు మైసూరు ఖజానాది. పట్టుబట్టి పని మొదలుపెట్టించినవారు దివాన్ కె. శేషాద్రి అయ్యర్. 1883 నుంచి పద్దెనిమిదేళ్ళు దివానుగిరీ చేసి 1901 సెప్టెంబరులో కన్నుమూశారు, ఆ కరెంటు వెలుగు చూడకుండానే. పథకం గీసిన జోలీ ద లోట్‌బినియేర్ బ్రిటిష్ సైన్యపు ఇంజనీరే, సమర్థుడే, కాదనను. కానీ ఆయన కెనడాలో క్విబెక్ కుటుంబం మనిషి, ఇక్కడ చేసింది మైసూరు ప్రభుత్వ కొలువు. విద్యుత్ యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. టర్బైన్లు స్విట్జర్లాండ్‌లోని ఎషర్ విస్ కంపెనీవి. నీళ్ళు కావేరివి. స్తంభాలు పాతి తీగలు లాగిన కూలీలు ఈ నేల మనుషులు. ఇందులో దొరలు ‘ఇచ్చింది’ ఏమిటో నాకు ఎవరైనా చూపించాలి.

తీసుకున్నది మాత్రం కళ్ళకు కనబడుతుంది. ఆ కరెంటు మొదట వెళ్ళింది గనులకు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది మూడేళ్ళ తర్వాత, 1905 ఆగస్టులో. పల్లెల వంతు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. లక్షల పల్లెలున్న దేశంలో స్వాతంత్ర్యం నాటికి కరెంటు చేరినవి కొద్ది వేలకు మించవు. 1880లో వచ్చిన జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపిన కంపెనీలకు వాటాదారులు ఇంగ్లండ్‌లో ఉండేవారు. బంగారం ఓడెక్కేది. మైసూరుకు దక్కింది రాయల్టీ. అదే మైసూరు, 1896 నుంచి ఏటా 35 లక్షల రూపాయలు బ్రిటిష్ ప్రభుత్వానికి కప్పం కట్టేది. అంటే ఒక చేత్తో కప్పం కడుతూ, ఇంకో చేత్తో కంపెనీల గనులకు కరెంటు సమకూర్చిన రాజ్యం ఇది. రాయల్టీ వచ్చింది కదా అనేవారికి నా జవాబు ఒకటే: బంగారం మనది. మన సొమ్ములో మనకు దక్కిన కొసరును ఉపకారం అనకూడదు.

రైలు మాట ఇంకా బాధాకరం. బెంగళూరు–జోలార్‌పేట లైను 1864లో మద్రాసు రైల్వే కంపెనీ వేసింది. టేకల్ స్టేషన్ మాలూరుకూ బంగారపేటకూ మధ్య ఆ లైను మీదనే ఉంది. బంగారపేటకు బౌరింగ్‌పేట అని పేరొచ్చింది కూడా అప్పటి కమిషనర్ లెవిన్ బౌరింగ్ మీదుగానే. ఆ రోజుల్లో రైల్వే కంపెనీల పెట్టుబడికి నూటికి ఐదు చొప్పున లాభం గ్యారంటీ ఉండేది. రైలు నష్టంలో నడిచినా లండన్ వాటాదారుడికి వడ్డీ తప్పదు. లోటు పూడ్చేది ఇక్కడ పన్ను కట్టే రైతు.

ఆ లైను పడిన పన్నెండేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. అప్పుడు మైసూరును ఏలుతున్నది రాజు కాదు. 1831 నుంచి 1881 వరకు యాభై ఏళ్ళు ఈ రాజ్యం నేరుగా బ్రిటిష్ కమిషనర్ల చేతుల్లో ఉంది. రైలు ఉంది, టెలిగ్రాఫు ఉంది, జిల్లా అధికారులు ఉన్నారు. 1871 జనాభా లెక్కల్లో మైసూరులో 50 లక్షల 55 వేల మంది. పదేళ్ళ తర్వాత 41 లక్షల 86 వేల మంది. దాదాపు ఆరుగురిలో ఒకరు లేరు. ఆ కరువు నడుమనే, 1877 జనవరి 1న, విక్టోరియా మహారాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. రైలు ఉంటే కరువు రాదని చెప్పేవారు ఆ రెండు జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. ధాన్యం డబ్బున్న చోటికి పోతుంది. రైలు దాన్ని ఇంకా తొందరగా తీసుకుపోతుంది.

ఈ మాటలు నేను కొత్తగా అనడం లేదు. దాదాభాయి నౌరోజీ 1892లో లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి లిబరల్ అభ్యర్థిగా గెలిచి వాళ్ళ పార్లమెంటులోనే కూర్చుని ఈ దోపిడీ లెక్క అడిగాడు. 1901లో పుస్తకంగా అచ్చు వేశాడు. బ్రిటిష్ రాజకీయాలను మెచ్చుకునేవారు వాటిలోనే పుట్టిన ఈ అభ్యంతరాన్ని ఎందుకు దాటేస్తారు?

మినీ ఇంగ్లండ్ అనే పేరును కూడా దగ్గరగా చూడాలి. కేజీఎఫ్‌లో క్లబ్బు ఉంది, గోల్ఫ్ మైదానం ఉంది, పెంకుల బంగళాలు ఉన్నాయి. ఆ బంగళాల ఫొటోలే అందరికీ తెలుసు. ఉత్తర ఆర్కాటు నుంచి, సేలం నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కూలీలు, వాళ్ళలో ఎక్కువమంది దళితులు, ఉన్నది తడికెల గుడిసెల్లో. ఒక్క గది, పొగ, వర్షానికి కారే కప్పు. వాళ్ళు దిగిన చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాతి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. పైనుంచి చల్లబరిచిన గాలి దింపకపోతే మనిషి నిలబడలేకపోయేవాడు. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలి మనుషుల మీద పడేది. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వచ్చేది. 1930లో కంపెనీలు కార్మికుల వేలిముద్రలు తీసుకుని రిజిస్టరు పెట్టబోతే, మమ్మల్ని దొంగల్లా చూస్తారా అని వాళ్ళు పని మానేశారు. ఆ సమ్మె కేజీఎఫ్ చరిత్రలో నాకు క్లబ్బు కంటే, గోల్ఫ్ కంటే విలువైనది.

దొరలుంటే గని నడిచేదని ఇంకో వాదం. గని మంచి దిగుబడి ఇచ్చిన కాలం ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసేటప్పటికి పైన ఉన్న మేలిరకం ఖనిజం అయిపోయి, లోతు పెరిగి, ఖర్చు పెరిగింది. వాటిని తర్వాత నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. మూసిన తీరులో మన ప్రభుత్వాల తప్పు ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. బకాయిల కోసం కార్మికులు ఏళ్ళ తరబడి తిరిగారు. మూడు కోట్ల టన్నులకు పైబడిన సైనైడ్ దిబ్బలు ఊరి నడుమ అలాగే ఉన్నాయి. గాలి లేస్తే ఆ పొడి ఇళ్ళలోకి వస్తుంది. మారికుప్పంలో బయలుదేరిన పొద్దుటి రైలు టేకల్ చేరేసరికే కిక్కిరిసి ఉంటుంది. తాతలు గనిలో దిగిన ఇళ్ళ పిల్లలు బెంగళూరులో సెక్యూరిటీ పనికి, హౌస్‌కీపింగ్‌కు, కంపెనీల షిఫ్టులకు నిలబడి పోతున్నారు.

బ్రిటన్‌లోని గని కార్మికుడికీ ఇదే జరిగింది. 1984 మార్చి నుంచి ఏడాది పాటు అక్కడి బొగ్గు కార్మికులు సమ్మె చేసి థాచర్ ప్రభుత్వం చేతిలో ఓడిపోయారు. సౌత్ వేల్స్, యార్క్‌షైర్ ఊళ్ళు ఇప్పటికీ కోలుకోలేదు. కాబట్టి నా గొడవ ఇంగ్లండ్ మనిషితో కాదు. 1882లో లండన్ హోల్‌బార్న్‌లో మొదలైన బొగ్గు కరెంటును 142 ఏళ్ళు వాడుకుని మానేసిన దేశాన్ని మెచ్చుకోవచ్చు. కానీ 1902లోనే నీటి కరెంటుతో గని తిప్పిన నేల మీద నిలబడి, స్వచ్ఛమైన శక్తి మనకు పరాయి పాఠం అనుకోవడం మనల్ని మనం మరిచిపోవడమే.

ఇంగ్లీషు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మా మాలూరు తాలూకాలోనే పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంట్లో తమిళం, చుట్టూ తెలుగు, కన్నడ. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేశారు. మైసూరు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేశారు. రాసింది కన్నడలో. 1983లో జ్ఞానపీఠం తెచ్చిన ‘చిక్కవీర రాజేంద్ర’ నవల, 1834లో ఈస్టిండియా కంపెనీ కొడగును కలుపుకున్న కథ. రాజు దుర్మార్గాన్ని దాచలేదు, కంపెనీ ఎత్తుగడనూ దాచలేదు. ఇంగ్లీషు చదువుకుని ఇంగ్లీషువాడి పనిని తన ఊరి కళ్ళతో చూసిన మనిషి మనకు పక్క ఊళ్ళో ఉన్నాడు. కైవారం తాతయ్య ఈ సీమలోనే తెలుగులో పదాలు కట్టాడు. ఇంగ్లీషు నేర్చుకుందాం, తప్పకుండా. దానికి కృతజ్ఞతగా ఇంట్లో తెలుగు మానేయాల్సిన పని లేదు.

ఇక ఇవాళ్టి మాట. మన సరిహద్దు తెలుగు నేలే అయిన పావగడలో, తుమకూరు జిల్లాలో, దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అక్కడ ఒక మంచి పని జరిగింది. రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, కౌలు ఎప్పటికప్పుడు పెరిగేలా ఒప్పందం రాశారు. వేరుశెనగ ఎండిపోయిన చోట అది ఆసరా. కానీ భూమి లేని కూలీకి ఆ కౌలులో పైసా లేదు. కలుపు తీసే పని పోయింది, మేకలు మేసే బీడు పోయింది. కరెంటు మాత్రం పెద్ద లైన్లెక్కి నగరాలకు వెళుతోంది. శివనసముద్రం తీగ పల్లెల నెత్తి మీదుగా గనికి పోయినట్టే.

కోలారు జిల్లాలో నీళ్ళు వెయ్యి అడుగుల కిందికి పోయాయి. టొమాటో రైతు త్రీ ఫేజ్ కరెంటు కోసం అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోతున్నాడు. ఎండ మాత్రం మనకు కావలసినంత ఉంది. రేపు సోలార్ కంపెనీ మాలూరుకు, టేకల్‌కు, శ్రీనివాసపురానికి వస్తుంది, రావాలి కూడా. వచ్చినప్పుడు అభివృద్ధి ఇస్తున్నారని చేతులు కట్టుకుని నిలబడొద్దు. గ్రామసభ పెట్టించండి. భూమి అమ్మొద్దు, కౌలుకే ఇవ్వండి. మన బోర్లకు పగటి కరెంటు ఎంత ఇస్తారో, భూమి లేని ఇళ్ళకు ఏ పని ఇస్తారో, పాతికేళ్ళ తర్వాత పాడైన ఫలకాలను ఎవరు తీసుకుపోతారో అడగండి. ఆ జవాబులు ఒప్పందంలో రాసి ఇచ్చేదాకా ఎవ్వరూ వేలిముద్ర వేయకండి.