మూల చిత్రమును విత్తనమువలె దాచుకొనవలయును

మన సంఘ సభ్యులలో సెల్‌ఫోను లేని కుటుంబము నేడు అరుదు. పట్టాదారు పాసుపుస్తకము గాని, పహాణీ నకలు గాని, పురుగు పట్టిన ఆకు గాని, దేనినైనను ఫోనుతో చిత్రము తీసి పంపుట వాడుకయైనది. అయితే చేరవలసిన చోట ఒకరు పి.డి.ఎఫ్. రూపమే కావలయునందురు, ఒకరు జేపెగ్ రూపమే కావలయునందురు, మరియొకరు ఇన్ని కిలోబైట్లకు మించరాదందురు. ఇట్లు చిత్రమును ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చు పని రైతు నెత్తిన పడినది. ఈ పనిని మనము చేయుచున్న తీరులో పెద్ద లోపమున్నదని మా యభిప్రాయము. మార్చుట లోపము కాదు. మార్చిన పిదప మూల చిత్రమును చెరిపివేయుటయే లోపము.

ఒక వానాకాలమున మహబూబ్‌నగర్ ప్రాంతపు రైతొకరు తమ మక్కజొన్న చేనిలోని పురుగు చిత్రమును మాకు పంపిరి. అది ముగ్గురి ఫోనులు దాటి మాకు చేరినది. కత్తెర పురుగు మన దేశమున మొదట 2018లో కర్ణాటకమున కనుగొనబడి, ఆ సంవత్సరమే తెలంగాణమునకును వచ్చినది. తలపై తలక్రిందులైన ఇంగ్లీషు వై అక్షరము వంటి గీతయు, తోక సమీపమున చదరముగా నమరిన నాలుగు నల్లని చుక్కలును దాని గురుతులు. మాకు చేరిన చిత్రములో ఆ చుక్కలుండవలసిన చోట మసక మరక మాత్రమే కనబడెను. మూలమును పంపుడని యడుగగా, ఫోనులో చోటు చాలక చెరిపివేసితిమని జవాబు వచ్చెను. మేము చేనికి పోయి చూచునప్పటికి నాలుగు దినములు గడచెను. అంతలో పురుగులు పెరిగి సుడులలోనికి దూరినవి.

ఇతరులను అనుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. మేమును ఒకప్పుడు ప్రదర్శన క్షేత్రములలో తీసిన కంది, ఆముదపు పైరుల చిత్రములను చిన్నవిగా మార్చి మూలములను తీసివేసితిమి. తరువాత గోడపత్రముపై వానిని పెద్దవిగా అచ్చువేయింపబోగా ఆకుల ఈనెలకు బదులు గళ్లు గళ్లుగా కనబడెను. పైరు కోతకు వచ్చిపోయినది గనుక మరల తీయుటకును వీలు లేకపోయెను.

ఇట్లేల జరుగును? వడ్లను దంచినప్పుడు ఊక పోవును. దంపుడు బియ్యమును గిర్నిలో పాలిషు పట్టించిన కొలది తవుడును పోవును. జేపెగ్ అను రూపము అట్టిదే. 1992లో ప్రమాణముగా నేర్పడిన ఈ పద్ధతి చిత్రమును ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల చిన్న మడులుగా విభజించి, ఒక్కొక్క మడిలో కంటికి అంతగా ఆనని సూక్ష్మ భేదములను విడిచిపెట్టును. దానివలన చిత్రపు బరువు చాల తగ్గును. ఫోను తీసిన మూలము సైతము సాధారణముగా ఈ రూపముననే యుండును. ఆ మొదటి నష్టము కంటికి తెలియదు. కాని తగ్గించిన దానినే మరల తగ్గించుచు పోయినచో ప్రతిసారియు కొంత తవుడు పోవుచుండును. సన్నని గీతలు, చిన్న చుక్కలు, అక్షరముల యంచులు ముందుగా చెడును.

1996లో వచ్చిన పి.ఎన్.జి. రూపము చిత్రములో దేనిని విడువదు. అందుచే బరువు హెచ్చు. అయితే చెడిన జేపెగ్ చిత్రమును పి.ఎన్.జి.గా మార్చినచో బాగుపడునని కొందరు తలచుచున్నారు. పాలిషు బియ్యమును పెద్ద బస్తాలో పోసినంతనే తవుడు తిరిగి వచ్చునా? 1993లో పుట్టిన పి.డి.ఎఫ్. సంచి వంటిది, మసక చిత్రమును అందు పెట్టిన మసకగానే యుండును. ఇక ఆపిల్ ఫోనులు 2017నుండి హెచ్.ఇ.ఐ.సి. అను రూపమున చిత్రములు దాచుచున్నవి. దానిని అంగీకరింపని చోట్లు కలవు గనుక మార్పు తప్పదు. కాని పేరు చివరనున్న అక్షరములను దిద్ది పి.డి.ఎఫ్. అని వ్రాసినంత మాత్రమున రూపము మారదు. సజ్జల బస్తాపై జొన్నలని వ్రాసినట్లే యగును.

పురుగు చిత్రము పోయిన ఒక పంటకు నష్టము. భూమి కాగితపు చిత్రము పోయిన తరములకు నష్టము. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూవివాదములలో చూపుమని యడుగుచున్నారు. 2020 అక్టోబరు, నవంబరు మాసములలో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసికొన్నప్పుడు తెల్లకాగితములపై వ్రాసికొన్న పాత క్రయపత్రములు పెట్టెలనుండి బయటికి వచ్చినవి. 2020 అక్టోబరు 29న ధరణియు, 2025 ఏప్రిల్ 14న భూభారతియు ప్రారంభమైన తరువాత భూమి లెక్క కంప్యూటరులోనే నడచుచున్నది. మన సర్వే నంబరుల విభాగములు అ, ఆ అను అక్షరములతో గుర్తింపబడుచున్నవి. ఈ రెంటికిని భేదము ఒక్క చిన్న వంపు మాత్రమే. నాలుగుసార్లు కుదించిన చిత్రములో ఆ వంపు నిలువదు. 3 ఏదో 8 ఏదో తెలియదు. అసలు కాగితము చెదలపాలైన నాడు మసక చిత్రమే సాక్ష్యమైనచో అన్నదమ్ముల వాటాల మాట ఏమగును?

ఫోనులో చోటు లేదు, పెద్ద చిత్రములు దాచుట మావల్ల కాదని కొందరందురు. వారి మాట కొంత నిజమే. అయితే ఒక కుటుంబపు ముఖ్యమైన కాగితములు ఎన్ని? ఇరువదియో ముప్పదియో. పెండ్లి వీడియోలకు దొరకిన చోటు పాసుపుస్తకమునకు దొరకదా? కార్యాలయములు చిన్న చిత్రములనే కోరునప్పుడు పెద్దవి యెందులకని మరికొందరందురు. కార్యాలయమునకు చిన్న దానినే పంపుడు. కాని పంపునది నకలై యుండవలయును. మూలము ఇంటనే యుండవలయును. విత్తనపు గింజలను గుమ్మిలో వేరుగా నుంచి తక్కినవానిని అమ్ముకొనుట మనకు క్రొత్త కాదు గదా.

మరియొక హెచ్చరిక. రూపము ఉచితముగా మార్చెదమని పిలుచు వెబ్‌సైట్లు అనేకములున్నవి. ఆధారు కార్డును, పాసుపుస్తకమును ఊరు పేరు తెలియని చోట అప్పగించుట క్షేమము కాదు. ఇట్టి కొన్ని సైట్ల ద్వారా కంప్యూటర్లలో చెరుపు చేరుచున్నదనియు, రహస్య వివరములు దొంగిలింపబడుచున్నవనియు 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వపు ఎఫ్‌.బీ.ఐ. సంస్థయొక్క డెన్వర్ కార్యాలయము ప్రజలను హెచ్చరించినది. కంప్యూటరులో నుండు పెయింట్ అను సాధనముతో చిత్రమును జేపెగ్‌గాను, పి.ఎన్.జి.గాను మార్చుకొనవచ్చును. అచ్చువేయు ఆజ్ఞలో పి.డి.ఎఫ్.గా దాచు మార్గము పెక్కు ఫోనులలో కలదు. వీనికి రొక్కమక్కరలేదు, చిత్రమును పరుల చేతిలో పెట్టవలసిన పనియు లేదు.

కావున సభ్యులకు మా సలహా యిది. కాగితమును పగటి వెలుతురులో, నీడ పడకుండ, నాలుగు అంచులును కనబడునట్లు చిత్రము తీయుడు. మూలమును ఒక చోట దాచి, దాని నకలును మాత్రమే మార్చుడు. మరియొక రూపము కావలసినప్పుడు మరల మూలమునుండియే మార్చుడు. మార్చిన దానిని మార్చకుడు. వాట్సాప్‌లో పంపునప్పుడు ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపినచో చిత్రము కుదింపబడక యథాతథముగా చేరును.

సంఘముల పెద్దలకును ఒక మనవి. ప్రాథమిక సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ 29న ఆమోదించినది. కంప్యూటరు వచ్చిన చోట దానిని అప్పుల లెక్కకే పరిమితము చేయనేల? సభ్యులు కోరినచో వారి యెదుటనే చిత్రపు రూపము మార్చి, మూలమును వారి పెన్‌డ్రైవులో వేసి, నకలును మాత్రమే పంపునట్లు గుమాస్తాకు నేర్పవచ్చును. పొరుగూరి దుకాణమునకు పోయి రొక్కమిచ్చి కాగితములను పరుల కంప్యూటరులో విడిచి వచ్చుటకంటె ఇది మేలు. ఎరువును, విత్తనమును అందించు సంఘము ఈ చిన్న సహాయమును చేయలేదా?

నకలు పోయిన మరల చేసికొనవచ్చును. మూలము పోయిన చేయగలిగినది లేదు. ఈ మాసమున సభ్యులందరును ఒక పూట కూర్చుండి తమ కాగితములను పెట్టెనుండి తీసి మంచి చిత్రములు తీసి దాచుకొందురు గాక.