శుల్కము లేని చదువు

ఇటీవల మే మొక మిత్రుని యింటికి పోయి యుండగా ఆయన తన కుమారుని జర్మనీలో బి.ఎస్‌సి. చదివింప నిశ్చయించితినని చెప్పెను. “అక్కడ ఫీజు లేదట గదా, మాస్టారూ!” అనెను. పిల్లవానికి జర్మను భాష వచ్చునా యని మే మడిగితిమి. “వెళ్లిన ఆరునెలల్లో అదే వస్తుందండీ” అనెను. ఈ ప్రత్యుత్తరమును మే మింతకు ముందు ననేకుల నోట వినియున్నాము. దీనిని గూర్చి మౌనము వహించుట యిక తగదని తోచినది.

శుల్కము లేదనుమాట చాలవరకు నిజమే. 2005 లో రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పిన పిమ్మట కొన్ని రాష్ట్రములు శుల్కము విధించి చూచినవి. ప్రజలు ప్రతిఘటింపగా 2014 నాటికి అన్నియు దానిని ఎత్తివేసినవి. అయినను బాడెన్-వ్యూర్టెంబెర్గు రాష్ట్రము 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలివారి యొద్ద సెమిస్టరునకు 1,500 యూరోలు పుచ్చుకొనుచున్నది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయమును 2024 నుండి క్రొత్తగా చేరు అట్టివారికి శుల్కము విధించినది. ఎచ్చట చదివినను ఏడాది ఖర్చునకు 11,904 యూరోలు ముందుగా బ్యాంకులో బంధించి చూపవలెనని 2024 సెప్టెంబరు నుండి నియమము. ఇది డబ్బు సంగతి. ఎకరము పొలము అమ్మినవాడు దీనిని దాటగలడు.

దాటలేనిది భాష. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో బి.ఎస్‌సి. వంటి తొలి పట్టపు చదువులు మిక్కిలి భాగము జర్మనులోనే జరుగును. పై పట్టపు చదువులలో ఇంగ్లీషువి పెక్కులున్నవి. 2023-24 లో అచ్చట సుమారు 49 వేలమంది భారతీయ విద్యార్థు లుండిరి. వారిలో అధిక సంఖ్యాకులు ఈ పై చదువులవారే. ప్రక్కయింటి పిల్లవాడు జర్మను రాకుండ ఎం.ఎస్. చేసి వచ్చెనని మన పదునెనిమిదేండ్ల వానిని పంపుట, ఈత వచ్చినవాడు గోదావరి దాటెనని రానివానిని దింపుట వంటిది. అదియునుగాక మన ఇంటర్మీడియెటు మాత్రమే వారికి చాలదు. జె.ఇ.ఇ. అడ్వాన్సుడు నెగ్గి యుండవలెను. లేదా ఇచ్చటి విశ్వవిద్యాలయమున ఒకటి రెండేండ్లు చదివి యుండవలెను. లేనిచో అచ్చట ష్టూడియెన్‌కొలెగ్ అను సన్నాహక పాఠశాలలో ఒక యేడు చదివి పరీక్ష నెగ్గవలెను. ఆ పాఠశాలలో చేరుటకే సాధారణముగా జర్మను భాషలో పరీక్ష పెట్టుదురు!

ఇక మన యింటి సంగతి చూతము. ఆగస్టు విల్హెల్ము ష్లేగెలు అను పండితుడు నలుబదియేండ్లు దాటిన పిమ్మట, అనగా ఇంచుమించు మా యీడున, పారిసు నగరమునకు పోయి సంస్కృతము నేర్చెను. ఆయన 1818 లో బాన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1823 లో భగవద్గీతను నాగరలిపిలో, లాటిను అనువాదముతో అచ్చువేయించెను. మన యింటర్మీడియెటు పిల్లలును సంస్కృతము పుచ్చుకొందురు. ఎందులకు? తెలుగుకంటె అందు మార్కులు ఎక్కువ రాలునని! నూటికి తొంబదితొమ్మిది తెచ్చుకొన్నవానిని ఒక శ్లోకమునకు పదవిభాగము చేయుమన్నచో నేల చూపులు చూచును. తల్లిభాషను విడిచినాడు, దేవభాష రాలేదు. సంస్కృతము చెప్పి జీతము తినుచున్న మేమును ఈ పాపమున భాగస్వాములమే. భాష యనగా మార్కులు ఏరుకొను చెట్టని పదేండ్లు నేర్పి, పదునెనిమిదవ యేట ఆరు నెలలలో రసాయనశాస్త్రోపన్యాసము జర్మనులో అర్థము చేసికొమ్మనుట న్యాయమా?

మరియొకటి. మన కార్పొరేటు కళాశాలల వసతిగృహములలో పిల్లవానిని లేపుటకు గంట, తినుటకు గంట, రాత్రి పదింటిదాక కూర్చుండబెట్టుటకు కాపలాదారు. తనంతట తాను ఒక గంటకాలము నిర్ణయించుకొన్నవాడు కాడు. అచ్చట పెక్కు ఉపన్యాసములలో హాజరు పిలుచువారే యుండరు. పరీక్షకు పేరు తానే నమోదు చేసికొనవలెను. ఒకే పరీక్ష సాధారణముగా మూడవమారు తప్పినచో పేరు కొట్టివేయుదురు. ఆ శాస్త్రమును దేశములోని మరి యే విశ్వవిద్యాలయమునను చదువ వీలుండదు. మనవలె సప్లిమెంటరీలు కలకాలము సాగవు.

మా శిష్యుడొకడు ఇట్లే పోయెను. దళారి వానిని ఇంగ్లీషున బోధించు ఒక ప్రైవేటు సంస్థలో చేర్చెను. ఏటికి శుల్కమే మన లెక్కలో లక్షలు. తండ్రి మాత్రము ఊరిలో “మావాడిది ఉచిత చదువు” అని చెప్పుకొనుచున్నాడు. వాడొక రాత్రి మాకు ఫోను చేసి, ఖర్చులకు పనిచేయుదమన్న జర్మను రానివానిని పెట్టుకొనువారు లేరనియు, రెండు పరీక్షలు పోయినవనియు చెప్పి, “నాన్నగారికి చెప్పకండి, మాస్టారూ” అనెను. మేము చెప్పలేదు. అది మంచి పనియో కాదో నేటికిని మాకు తెలియదు.

ఈ కథయంతయు మిత్రునికి వినిపించితిమి. అప్పుడు కాఫీ తెచ్చిన ఆయన పెద్ద కుమార్తె, ఆరునెలలు చాలవని మెల్లగా అనెను. విచారింపగా ఆ పిల్ల బి.ఎస్‌సి. రెండేండ్లు ముగించినదనియు, హైదరాబాదులో తనంతట తాను జర్మను నేర్చి బి-2 మెట్టు నెగ్గినదనియు తెలిసినది. ఇంకొక మెట్టెక్కినచో ఆమె నేరుగా చేరుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును గదా, ఆమెనేల పంపరాదని యడిగితిమి. “ఆడపిల్లనా? అంతదూరం, ఒంటరిగానా?” అని ఆయన నవ్వెను.

పిల్ల ఖాళీ గ్లాసులు తీసికొని లోపలికి పోయినది. తమ్ముడు ప్రక్క గదిలో విమానపు టికెట్ల ధరలు చూచుకొనుచుండెను.