వేరే మిషను సరే, వేరే గ్లాసు ఎందుకు?

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు ఒంట్లో రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్లీ ఎక్కించుకోవటం. ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. బడి మొహం చూడని జీడితోట కూలీ కూడా తన క్రియాటినిన్ ఎంతో చెప్తాడు. అదే మనిషిని హెపటైటిస్ బి టీకా ఎన్ని డోసులు పడ్డాయని అడగండి. తెల్లమొహం వేస్తే తప్పు అతనిది కాదు, చెప్పాల్సిన వాళ్లది.

రక్తం బయటికొచ్చే చోట ఈ వైరస్‌కి పండగే. కంటికి ఆనని ఎండిన మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. మిషను మీటలకీ, కుర్చీ చేతులకీ, నర్సు తొడుగులకీ అంటుకుని పక్క మంచానికి చేరుతుంది. 1969-70లో ఎడిన్‌బరో డయాలసిస్ యూనిట్లో చొరబడి రోగులతోపాటు సిబ్బందినీ చంపింది. అప్పుడుగానీ దొరలకి మెలకువ రాలేదు. 1972లో రోజెన్‌హైమ్ కమిటీ నియమాలు పెట్టింది. అమెరికాలో 1974లో డయాలసిస్ రోగుల్లో ఏడాదికి నూటికి ఆరుగురికి కొత్తగా సోకేది. పరీక్షలు, శుభ్రత, మిషన్లు వేరు చెయ్యటం మొదలెట్టాక 1980 నాటికి అది నూటికి ఒకరికి దిగింది. అప్పటికింకా టీకా బజార్లోకే రాలేదు!

కాబట్టి బి పాజిటివ్ వచ్చినవాళ్లకి వేరే మిషను, వేరే గది, ఆ షిఫ్టుకి వేరే నర్సు ఉండాలన్నది శాస్త్రం. దాన్ని మనం కాదనం, ఇంకా గట్టిగా అడుగుతాం. మనకి అభ్యంతరం గది దాటాక జరిగేదాంతో. పాజిటివ్ అనగానే మంచినీళ్లు ఎత్తిపోస్తారు. ఇంట్లో కంచం వేరవుతుంది. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకి ఈ వాసన ఆమడ దూరం నుంచే తెలుస్తుంది. ఈ జబ్బు రక్తంతో, సూదితో, మంగలి బ్లేడుతో, సంభోగంతో, కాన్పులో తల్లినుంచి బిడ్డకి వస్తుంది. కలిసి తింటే రాదు. ఒక గ్లాసులో తాగితే రాదు. ముట్టుకుంటే రాదు. గ్లాసు వేరు చెయ్యటంలో చూపించే శ్రద్ధ మిషను వేరు చెయ్యటంలో చూపిస్తున్నారా?

టీకా సంగతి చూద్దాం. మామూలు పెద్దవాళ్లకి 20 మైక్రోగ్రాముల డోసులు 3 చాలు. డయాలసిస్ రోగి ఒంట్లో టీకా సరిగా పట్టదు గనక రెట్టింపు, 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో 4 సార్లు వెయ్యాలి. ఆఖరి డోసు పడ్డాక ఒకట్రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చెయ్యాలి. 10 యూనిట్లకి తక్కువుంటే మళ్లీ వెయ్యాలి. అసలు డయాలసిస్ దాకా ఆగకూడదు, క్రియాటినిన్ పెరగటం మొదలైనప్పుడే వేస్తే బాగా పడుతుంది. వీళ్లకి వైరస్ సోకినా చాలాసార్లు కామెర్లు కనపడవు, చడీచప్పుడు లేకుండా లివర్లో తిష్ఠ వేస్తుంది. పసరు మందు దాకా కూడా పోరు, జబ్బుందని తెలిస్తే కదా!

మందు లేక కాదు. 1997లోనే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకా తెచ్చి విదేశీ కంపెనీల ధర దించింది. 2011 నుంచి దేశమంతా పసిపిల్లల టీకాల్లో చేర్చారు. మరి అంతకు ఎన్నో ఏళ్లముందు పుట్టి, ఇవాళ డయాలసిస్ కుర్చీలో కూర్చున్న కూలీకి? డయాలసిస్ ఆరోగ్యశ్రీలో చేసి, టీకాకీ యాంటీబాడీ పరీక్షకీ చీటీ రాసి బయట కొనుక్కోమంటే, పనికి పోలేని మనిషి ఎక్కణ్ణించి తెస్తాడు?

ఇక ఆ గది కడిగేదెవరు? నెత్తురోడే గొట్టాలు, సూదులు మూటగట్టి మోసేదెవరు? ఉత్తరాంధ్రలో అయితే రెల్లోళ్లు, ఇంకోచోట మాదిగలు, మాలలు. అందరూ కాంట్రాక్టు మీద. డాక్టరుకి గుచ్చుకునే సూదే వీళ్లకీ గుచ్చుకుంటుంది, చెత్త సంచిలోంచి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం ఆరోగ్య సిబ్బందికి టీకా వెయ్యాలంటోంది. చీపురు పట్టినవాళ్లు సిబ్బంది కిందికి వస్తారా, రారా? మీ ఊరి ఆసుపత్రికెళ్లి వాళ్ల టీకా కార్డులు చూపించమని సూపరింటెండెంటుని అడగండి.