కెమెరాకు తగిన సంచి

ఈ మాసమున మా కందిన జాబులలో తిరుపతి సోదరి యొకరు వ్రాసినది మమ్ము చాలసేపు ఆలోచింపజేసెను. "మా అన్నగారు సంక్రాంతి పండుగకు మంచి కెమెరా నిచ్చిరి. దానికొక సంచి కొందమని అంగడికి పోగా, పెట్టెవంటి పెద్దసంచి మొదలు అరచేతి యంత సంచి వఱకు వరుసగా తీసి చూపిరి. ఏది కొనుటకును తోచక వట్టిచేతులతో తిరిగివచ్చితిని. కెమెరాయే యెక్కువ, దానికి మఱల సంచి యొకటా యని ఇంటివారు నవ్వుచున్నారు. మీరేమందురు?" అని యామె యడిగిరి.

ఇది నవ్వదగిన ప్రశ్న కాదని మా మనవి. తగిన సంచి లేని కెమెరా బీరువాలోనే యుండిపోవును. బీరువాలోని కెమెరా యున్నను లేనట్లే. ఈ మాట మేము ఎవరివలననో విని చెప్పుచున్నది కాదు, నష్టపడి తెలిసికొన్నది.

ఇరువది యేండ్ల క్రిందట మాట. ఫోనులతో ఫోటోలు తీయు వాడుక యింకను ఇండ్లలోనికి రాలేదు. మేమును ఒక కెమెరా కొని, అంగడివారు మంచిదన్నదే తడవుగా దానికొక పెద్ద వీపుసంచిని గూడ కొంటిమి. కెమెరా, మూడు లెన్సులు, నిలువుకాళ్ల స్టాండు, అన్నియు అందు పట్టును. వట్టి సంచియే రెండు కిలోలకు దగ్గఱగా తూగును. ఆ యేడు తిరుచానూరు అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవములలో పంచమీతీర్థమునాడు అత్తగారితో గూడి స్నానమునకు బయలుదేరితిమి. చంటిబిడ్డ పాలసీసా, అత్తగారి మందులు, పొడిబట్టలు, పులిహోర డబ్బా, ఇన్నిటితో ఒక సంచి యప్పటికే భుజమున కెక్కియుండెను. కెమెరా సంచివైపు చూచి, "ఆ జనములో ఇంత బరువు మోయుట మనవలన గాదు, వచ్చే యేడు తీసికొనిపోవుద" మనుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిమి.

ఆ దినమున పద్మసరోవరమున స్నానము చేసి, గట్టున కూర్చుండి, తడిజుట్టు విప్పి ఆరబెట్టుకొనుచు, మనుమని ఒడిలో నుంచుకొని అత్తగారు నవ్విన నవ్వు మా కన్నులయెదుట నిప్పటికిని ఉన్నది. ఫోటో మాత్రము లేదు. మఱుసటి యేడు ఉత్సవములు వచ్చునప్పటికి ఆమె లేరు. మా యింట నామె ఫోటోలు నాలుగు కలవు. నాలుగును పెండ్లిండ్లలో ఎవరో వరుసగా నిలువబెట్టి తీసినవి. ఒకదానియందును ఆమె నవ్వలేదు.

ఆ సంచి చెడ్డది కాదు. కెమెరాకు చక్కగా సరిపోయెను, మాకు సరిపోలేదు. కావున మేము చెప్పదలచినది ఒక్కటే: సంచిని కెమెరా కొలతకు మాత్రమే గాక, దానిని మోయు మనిషి కొలతకును, ఆమె దినచర్య కొలతకును చూచి కొనవలెను.

కెమెరాకును స్త్రీలకును గల పొత్తు క్రొత్తది కాదు. 1892లో రాజా దీన్‌దయాళ్ గారు హైదరాబాదున ఘోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నొకదానిని తెఱచిరి. దానిని నడపినది ఒక ఆంగ్లవనిత. పిదప హోమాయ్ వ్యారావాలా గారు (1913-2012) మన దేశమున పత్రికలకు ఫోటోలు తీసిన మొదటి స్త్రీగా పేరుగాంచిరి. చీర కట్టుకొని, స్పీడ్ గ్రాఫిక్ అను బరువైన కెమెరాను మోసికొనుచు, సైకిలుపై ఢిల్లీ వీధులలో తిరిగి పని చేసిరి. తొలిదినములలో ఆమె తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యెను. 2011లో ప్రభుత్వము వారు ఆమెకు పద్మవిభూషణ మిచ్చి గౌరవించిరి. అది ఆమె వృత్తి గనుక అంత బరువు నామె మోసిరి. మనమో, సంసారము నడుమ తీఱిక చిక్కినప్పుడు ఫోటో తీయువారము. మన చేతులలో బిడ్డయో కూరలసంచియో ముందే యుండును. బరువు తగ్గించుకొనుటయే మనకు తెలివి.

కావున మొదట చూడవలసినది బరువు. అంగడిలో వట్టిసంచిని భుజమున వేసికొని చూచినచో అన్నియు తేలికగానే తోచును. కెమెరాకు ప్రతిదినము వాడు లెన్సును తగిలించి ఇంటి త్రాసులో తూచుడు. కెమెరాను బట్టి అది అరకిలోకు పైనను, ఒక్కొక్కప్పుడు కిలోకు మించియు తూగవచ్చును. చిన్న భుజపుసంచి అరకిలో యుండిన, పెద్ద వీపుసంచి ఒకటిన్నర మొదలు రెండు కిలోల వఱకు నుండును. ఈ రెండు బరువులను కలిపి, అంత బియ్యమును గుడ్డసంచిలో పోసి, ఒకపూట ఇంటిలో భుజమున వేసికొని తిరుగుడు. దానితోనే మెట్లెక్కుడు, వంగి బిడ్డ నెత్తుకొనుడు. భుజము లాగినచో ఆ సంచి మీది కాదు. పైకమేమియు ఖర్చు గాని పరీక్ష యిది.

రెండవది పరిమాణము. లెన్సు తగిలించిన కెమెరా పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి వ్రాసికొని పొండు. సంచి వెలుపలి కొలతలు గాక లోపలి కొలతలు చూడుడు. నాలుగు ప్రక్కల వ్రేలెడు మెత్తదనము, ఇంకొక చిన్న లెన్సుకు చోటు, బ్యాటరీకిని కార్డులకును ఒక జేబు ఉన్న చాలును. ఇంతకు మించి చోటున్నచో ఏమగునో గృహిణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఖాళీ యున్న సంచి ఇంటివారందఱి సంచి యగును. ఆయన కళ్లజోడు, పిల్లల బిస్కట్లు, చివరకు నీళ్లసీసా వచ్చి చేరును. నీళ్లసీసాను కెమెరా యున్న అరలో నెన్నడును ఉంచరాదు. వెలుపలి జేబున్న అందు పెట్టుడు, లేకున్న వేఱొకరిని పట్టుకొనుమనుడు. "ఇది కెమెరా సంచి, ఇందు మఱేమియు పెట్టరా" దని మొదటిదినముననే నవ్వుచు చెప్పివేయుట మంచిది. పదియవ దినమున చెప్పిన తగవగును.

మూడవది మన కట్టుబట్టలకు సంబంధించినది. సంచులు చేయువారు చీరను తలచుకొని చేసినట్లు తోచదు. వెల్క్రో యను గఱుకైన అతుకుపట్టీ పట్టుచీర పోగులను పట్టి లాగివేయును, జరీ పాడగును. తెఱచునప్పుడు దాని బరబర చప్పుడునకు మంగళసూత్రధారణవేళ పందిరిలోని వారందఱు మనవైపు తిరిగి చూతురు. మూత జిప్పుతోనో అయస్కాంతపు గుండీతోనో యుండుట మేలు. సంచి వెనుకప్రక్క బట్ట నునుపుగా నుండవలెను. భుజపుపట్టీ రెండంగుళముల వెడల్పు గలిగి, ఒక భుజము మీదనుండి అడ్డముగా రెండవ నడుమునకు వచ్చునట్లు వేసికొన్నచో బరువు తెలియదు. పైట వేసిన భుజమునకు గాక రెండవదానికి తగిలించిన పైటయు చెదరదు. వీపుసంచి జడను నొక్కును, పూలను నలుపును, దూరప్రయాణములకే అది తగును.

జనసమ్మర్దములో వీపుననున్న సంచి మనకు కనబడదు. మే మాసమున తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడబోయినవారికి ఈ సంగతి తెలియును. వేషములు చూచుచు మైమఱచియున్నవేళ జిప్పు తీయు చేయి ఎవరిదో తెలియదు. అట్టి చోట్ల సంచిని ముందుకు త్రిప్పుకొని, చేయి దానిమీద నుంచుకొనవలెను. ఒక్క చేతితో తెఱచి మూయగల సంచియే అక్కడ సంచి. పైన కెమెరా పేరు పెద్ద అక్షరములతో నున్న సంచిని కొనకుడు. లోన నేమున్నదో దారిన పోవువారికి చెప్పనేల?

నాల్గవది వానయు ఎండయు. మన జిల్లాలలో అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్యపు వానలు. బట్ట తడవకున్నను జిప్పు కుట్టులనుండి నీరు లోనికి దిగును. కావున పైన తొడుగు వానగుడ్డ యున్నదో లేదో చూడుడు. వానతరువాత సంచిని విప్పి నీడను ఆరబెట్టుడు. తేమ యున్న సంచిలో నెలలతరబడి కెమెరాను దాచినచో లెన్సు గాజునకు బూజు పట్టును. తోలుపెట్టెలలో ఇది మఱియు త్వరగా పట్టును. సంచి మోయుటకే గాని దాచుటకు గాదు. ఇంటిలో మూత గట్టిగా పట్టు డబ్బాలో రంగుమాఱు సిలికాజెల్ గుండ్లతో కెమెరాను ఉంచుడు. గుండ్ల రంగు మాఱినప్పుడు వాటిని వేడిచేసి తేమ పోగొట్టి మఱల వాడుకొనవచ్చును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట మన కలవాటే. అప్పుడు మూసిన కారులో సంచిని విడిచిపోరాదు.

ఇక కొండకు పోవునప్పటి సంగతి. శ్రీవారి యాలయములోనికి కెమెరాలను, ఫోనులను తీసికొనిపోనీయరు; ముందుగా సామానుల కౌంటరులో అప్పగింపవలెను. అలిపిరి యొద్ద సంచుల నన్నిటిని తనిఖీ చేయుదురు. కావున జిప్పుల చివరలకు చిన్నతాళము వేయుటకు వీలున్న సంచి మంచిది. లోన నున్నవాని పట్టిక నొక కాగితమున వ్రాసి చీటీతో గూడ దగ్గఱ నుంచుకొనుడు. అలిపిరి దారిని నడచువారు 3,550 మెట్లెక్కవలెను. మొదటి వంద మెట్లయొద్ద తేలికగా నున్న సంచి గాలిగోపురము నాటికి ఇనుపగుండగును. నడకవారి సామానులను దేవస్థానమువారు క్రింద తీసికొని పైకి చేర్చుదురు గాని, గాజువస్తువు గనుక కెమెరాను మనయొద్దనే యుంచుకొనుట మేలు. దారిలో కోతులు కలవు. అరటిపండో కొబ్బరిచిప్పయో సంచిలో నుంచినచో వాసన పట్టి సంచినే లాగికొనిపోవును. తినుబండారములను కెమెరా సంచిలో నుంచరాదనుటకు ఇదియు నొక కారణము.

దూరప్రయాణములకు వేఱొక సంచి కొననక్కఱలేదు. లోపల మెత్త వేసి అరలుగా చేసిన చిన్నపెట్టెవంటి గుడ్డతొడుగులు అంగళ్లలో అమ్ముదురు. దానిని మామూలు ప్రయాణపు సంచిలో దించిన అదియే కెమెరా సంచి యగును. ఊరు చేరిన తరువాత తీసివేసిన మఱల బట్టల సంచియే. రైలులో రాత్రివేళ దానిని బల్లక్రింద త్రోయక తలదిండు ప్రక్కనే యుంచుకొనుడు. రేణిగుంటలో విమానమెక్కువారు విడిబ్యాటరీలను పెద్దపెట్టెలో వేయరాదు. లిథియము బ్యాటరీలను చేతిసంచిలోనే తీసికొనిపోవలెనని నియమము. చేతిసంచి బరువు మన దేశపు విమానములలో సామాన్యముగా 7 కిలోలకు మించరాదు గనుక తేలికసంచి అక్కడను ఉపకరించును.

కుట్టుమిషను గల సోదరీమణులు ఈ తొడుగును ఇంటనే కుట్టుకొనవచ్చును. యోగాసనములకు పఱచుకొను నురుగుచాప పాతది యొకటి చాలును. కెమెరా కొలతకు ప్రతిప్రక్కను అంగుళము చేర్చి అడుగు ఒకటి, గోడలు నాలుగు, నడిమి అడ్డము ఒకటి కత్తిరింపుడు. ఒక్కొక్క ముక్కకు నునుపైన పాత నూలుబట్టతో గలీబువలె తొడుగు కుట్టి, ఆ తొడుగులను ఒకదానికొకటి కలిపి కుట్టుడు. నూలుపోగులు రాలు బట్ట పనికిరాదు; అవి లెన్సు నంటుకొనును. పైసంచికి మందమైన కాన్వాసు గుడ్డ, ముచ్చట యున్నవారు దానిమీద శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ వేసి కుట్టుకొనవచ్చును. చూచువారికి అది కెమెరా సంచి యని తోచదు. ఒక్కటి మాత్రము మఱువకుడు: భుజపుపట్టీ సంచికి కలియు చోట నాలుగువరుసల కుట్టు వేయవలెను. సంచులు తెగునది అక్కడనే.

జాబు వ్రాసిన సోదరికి మా సలహా యిది. అన్నగారిచ్చిన కెమెరా ఒక్కటి, లెన్సు ఒక్కటి పట్టు చిన్న అడ్డభుజపు సంచిని కొనుడు. ప్రయాణములకు మెత్తని తొడుగు నొకదానిని కుట్టుకొనుడు. సంచిని బీరువాలో గాక, మీరు బయటికి పోవునప్పుడు చెప్పులు తొడుగుకొను చోట, పిల్లల కందని ఎత్తున మేకుకు తగిలింపుడు. కంట బడినగాని చేయి దానిపైకి పోదు.

ఇంకొక మాట. కెమెరా మోయు తల్లి ఇంటిల్లిపాది ఫోటోలు తీయును. తాను మాత్రము ఒకదానిలోను కనబడదు. అప్పుడప్పుడు సంచిని, కెమెరాను పెద్దపిల్ల చేతికిచ్చి, తీయు విధము చూపి, మీరును పోయి అత్తగారి ప్రక్కన కూర్చుండుడు. ఆమె నవ్వునప్పుడు తీయుమని బిడ్డకు చెప్పుడు.