పసివాని స్మృతి ప్రమాణము కాదా?

నాజీల మారణకాండనుండి పసితనమున బయటపడి, పెద్దవారైన పిదప నోరు విప్పిన యూదుల మాటను గూర్చి, విజ్ఞులనిపించుకొనువారు సైతము ఒక తీర్పు చెప్పుచుందురు: ఆ వయస్సున చూచినది గుర్తుండదనియు, గుర్తున్నదానిలో పెద్దలు చెప్పినదెంతయో తేలదనియు, కావున అది జాలిపడదగిన కథయే గాని చరిత్రకు ప్రమాణము కాదనియు. నిష్పక్షపాతమను పేర చెల్లుబాటగుచున్న ఈ తీర్పు అన్యాయమనియు, అశాస్త్రీయమనియు నా దృఢాభిప్రాయము.

చరిత్రకారుడు సాల్ ఫ్రీడ్‌లాండర్ జీవితమును చూడుడు. 1932లో ప్రాగ్ నగరమున పావెల్ అను పేర పుట్టిన ఆ బాలుడు, తల్లిదండ్రులతో ఫ్రాన్సునకు పారిపోయి పోల్ అయ్యెను. 1942లో వారతనిని మోంలూసోన్ పట్టణమందలి కాథలిక్ వసతి పాఠశాలలో దాచగా, జ్ఞానస్నానము పొంది ఇంటిపేరును సైతము కోల్పోయెను. స్విట్జర్లండులో తలదాచుకొనబోయి పట్టుబడిన తల్లిదండ్రులు ఆష్‌విట్జ్‌కు తరలింపబడి, మరలి రాలేదు. మతగురువు కావలెనని కలలుగన్న ఆ పిల్లవానికి, 1946 వరకు, వారికి పట్టిన గతి తెలియనే తెలియదు. ఆ స్మృతులను ఆయన 1978లో గ్రంథస్థము చేసెను.

ఆ స్మృతిలో కొరత యున్నచో, అది ఎవరు చేసిన కొరత? మనలో ఎవని బాల్యమైనను సగము వాని సొంత జ్ఞాపకము కాదు. తల్లి చెప్పినది, అమ్మమ్మ పదుగురిలో నవ్వుచు మరల మరల చెప్పినది. చెప్పవలసిన ఆ నోళ్లన్నియు మూయింపబడిన పిదప, మిగిలిన బిడ్డను సమగ్రమైన కథ చెప్పుమని నిలదీయుట, ఇల్లు కాలి వీథిలో నిలుచున్నవానిని దస్తావేజులు తెమ్మనుట వంటిది. సాక్ష్యములో లోపములుగా కనబడు ఆ ఖాళీలే హంతకుల వేలిముద్రలు.

ఈ తీర్పునకు పాండిత్యపు గౌరవము కల్పించినవారును గలరు. 1987లో జర్మన్ చరిత్రకారుడు మార్టిన్ బ్రోజాట్, ఫ్రీడ్‌లాండర్‌తో సాగించిన లేఖావాదమున, బాధితుల స్మృతి పురాణప్రాయమనియు, జర్మన్ చరిత్రకారుల వివేచన శాస్త్రీయమనియు భేదము చూపగా, హిట్లరు యువజన దళపు తరమువారైన చరిత్రకారులకు మాత్రము తమ గతము అడ్డురాదా యని ఫ్రీడ్‌లాండర్ సూటిగా ప్రశ్నించెను. ప్రశ్నతో ఊరకొనక, 1997లోను 2007లోను వెలువరించిన రెండు సంపుటములలో, నాజీల ఆజ్ఞాపత్రముల ప్రక్కనే బాధితుల దినచర్యలను నిలిపి, స్మృతియు పరిశోధనయు ఒకే గ్రంథమున ఇముడునని రుజువు చేసెను.

బిన్యమిన్ విల్కోమిర్స్కి యను పేర 1995లో వెలువడిన బాల్యస్మృతి కల్పితమని తేలలేదా యని ప్రతిపక్షులు అడుగుదురు. తేలినమాట నిజమే. కాని పత్రములతో సరిపోల్చి పరీక్షించుటవలననే తేలినది. పరీక్షకు లోబడునది ప్రమాణము కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? పరీక్షింపుడు, వినకముందే త్రోసివేయకుడు.

సుమారు 15 లక్షలమంది యూదుల పిల్లలు చంపబడిరి. చిన్నవాడని చంపువాడు విడువలేదు. చిన్నవాడని వినువాడు విడువదగునా?